ఒకే పాఠాన్ని రెండు భాషల్లో నడపడం ఎలా? ప్రాథమిక తరగతులకు నాలుగు వారాల ప్రణాళిక

రెండు భాషల్లో బోధించే ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు పదే పదే అడిగే ప్రశ్నలు రెండు. ఒక వాక్యాన్ని ఒక భాషలో చెప్పి, వెంటనే దానినే మరో భాషలో చెబితే సరిపోదా అన్నది మొదటిది. ఇతర దేశాల సంస్కృతిని పరిచయం చేయడానికి ఏడాదికి ఒకసారి జెండాలు, వేషధారణలతో ఒక కార్యక్రమం పెడితే చాలదా అన్నది రెండోది. రెండింటికీ సమాధానం ఒకటే: చాలదు. వాక్యం వెంట వాక్యం అనువదించుకుంటూ పోతే పిల్లలు తమకు బాగా వచ్చిన భాష వినిపించే దాకా దిక్కులు చూస్తూ కూర్చుంటారు. వేషధారణ కార్యక్రమం ముగిసేసరికి అవతలి దేశపు పిల్లలు ఎప్పుడూ అవే బట్టల్లో తిరుగుతారన్న అభిప్రాయం ఒకటి మిగులుతుంది.

ఈ వ్యాసంలోని పద్ధతికి మూలసూత్రం ఒక్కటే. పాఠాన్ని రెండుసార్లు చెప్పకూడదు. ఒక భాషలో ఎక్కడ ఆపారో అక్కడి నుంచి రెండో భాషలో ముందుకు తీసుకువెళ్లాలి. కింది దశలు 8 నుంచి 10 ఏళ్ల పిల్లలను, అంటే మూడు నుంచి ఐదు తరగతుల వారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఏ రెండు భాషలకైనా ఇవి పనికివస్తాయి. ఉదాహరణ అవసరమైన చోట మాత్రం తెలుగు, ఇంగ్లీషు జంటను తీసుకున్నాను.

సిద్ధాంతం గురించి తెలుసుకోవలసింది కొంచెమే. అమెరికాలోని మయామీ నగరంలో కోరల్ వే ప్రాథమిక పాఠశాల 1963లోనే, క్యూబా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు, ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు స్పానిష్, ఇంగ్లీషు భాషలు రెండింటిలోనూ పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. 1965లో కెనడాలోని మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో, ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచి మాధ్యమాన్ని సాధించుకున్నారు. ఇలాంటి అనుభవాల తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఉపాధ్యాయుడు గుర్తుంచుకోవలసింది ద్విభాషా విద్య పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ చెప్పిన తేడా. కొత్త భాషలో ఆడుకుంటూ మాట్లాడగలగడానికి పిల్లలకు సుమారు రెండేళ్లు పడుతుంది. అదే భాషలో పాఠ్యవిషయాన్ని కారణాలతో సహా వివరించగలగడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది. ఆటస్థలంలో గలగలా మాట్లాడే పిల్లవాడు తరగతిలో పెదవి విప్పకపోతే అది బద్ధకం అనుకోవద్దని దీని అర్థం.

సమకూర్చుకోవలసినవి

భాషకు ఒకటి చొప్పున రెండు రంగుల చార్టు కాగితాలు, అవే రంగుల స్కెచ్ పెన్నులు కావాలి. ఒక మీటరు పొడవున్న నిటారు కర్ర, దానిని నిలబెట్టడానికి ఇసుక నింపిన డబ్బా, కొనకు బరువు కట్టిన దారం, సుద్దముక్కలు, కొలత టేపు, దిక్సూచి, ఒక గ్లోబు సిద్ధంగా ఉంచుకోండి. ప్రతి పిల్లవాడికి ఒక నోటుబుక్కు ఉండాలి. అందులో ఎడమ పేజీ ఒక భాషకు, కుడి పేజీ రెండో భాషకు. వీటితో పాటు మరో దేశంలోనో దూరప్రాంతంలోనో ఉన్న ఒక భాగస్వామి తరగతి, ఫోటోల విషయంలో తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి అవసరం. వీటన్నిటిలో ఆలస్యమయ్యేది భాగస్వామి తరగతి దొరకడమే కాబట్టి, ఆ ప్రయత్నం పాఠ్యాంశం మొదలుకావడానికి కనీసం రెండు నెలల ముందు ప్రారంభించండి.

దశలు

1. ఏ భాష ఎప్పుడో ముందే తేల్చి, కాలపట్టికలో రాయండి.

ప్రచారంలో ఉన్న నమూనాలు ముఖ్యంగా రెండు. 90:10 నమూనాలో తొలి తరగతుల్లో రోజులో 90 శాతం సమయం పిల్లలకు తక్కువగా వినిపించే భాషకు ఇచ్చి, ఏటా ఆ వాటాను తగ్గిస్తూ నాలుగైదు తరగతులకు వచ్చేసరికి సగం సగానికి తెస్తారు. 50:50 నమూనాలో మొదటి నుంచీ సగం సగమే. మీ బడి ఏ నమూనాను అనుసరిస్తున్నా, ఒక్క పాఠ్యాంశం స్థాయిలో మీరు తీసుకోవలసిన నిర్ణయం చిన్నది: ఏ పీరియడ్‌లో ఏ భాష. పూటల వారీగా మార్చవచ్చు, రోజు విడిచి రోజు మార్చవచ్చు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటే మనిషికొక భాష ఇవ్వవచ్చు.

ఒకే ఉపాధ్యాయుడు రెండు భాషలనూ నడపవలసి వస్తే, ఇప్పుడు ఏ భాష నడుస్తోందో పిల్లలకు కంటికి కనిపించే గుర్తు ఉండాలి. బోర్డు మూలన వేలాడే రంగు అట్ట చాలు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, అట్ట తిప్పకుండానే భాష మారిపోయే తరగతిలో బలహీనమైన భాష వాటా తెలియకుండానే తగ్గిపోతుంది.

హెచ్చరిక: గణితం, విజ్ఞానశాస్త్రం ఎప్పుడూ ఒకే భాషకు, పాటలు, బొమ్మలు ఎప్పుడూ రెండో భాషకు కేటాయించవద్దు. ఏ భాష 'పెద్ద పనులకు' పనికివస్తుందో పిల్లలు చాలా త్వరగా పసిగడతారు.

2. రెండు భాషలకూ, రెండు ప్రాంతాలకూ పని కల్పించే అంశాన్ని ఎంచుకోండి.

మంచి అంశానికి మూడు లక్షణాలు ఉండాలి. పిల్లలు చేతులతో చేసి చూడగలగాలి. ప్రాంతాన్ని బట్టి ఫలితం మారాలి. ఇంట్లో పెద్దలను అడగడానికి అందులో ఏదో ఒకటి ఉండాలి. ఈ వ్యాసానికి నేను తీసుకున్నది 'నీడ'. పగటిపూట కర్ర నీడ పొడవు మారుతుంది, భూమి మీద ఉన్న చోటును బట్టి కూడా మారుతుంది, గడియారాలు లేని కాలంలో నీడను చూసి వేళ చెప్పిన సంగతి పెద్దలకు తెలిసి ఉంటుంది.

ఇది కుదరకపోతే 'పేర్లు' తీసుకోండి. హంగరీ, చైనా, కొరియా దేశాల్లో ఇంటిపేరు ముందు వస్తుంది. ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరునో తల్లి పేరునో ఆధారం చేసుకుని రెండో పేరు ఏర్పడుతుంది. స్పెయిన్‌లో తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి రెండు ఇంటిపేర్లు ఉంటాయి. ఇంకా చిన్న తరగతులకైతే 'అంకెలు' బాగుంటాయి. ఫ్రాన్స్‌లో మాట్లాడే ఫ్రెంచిలో 80ని 'నాలుగు ఇరవైలు' అంటారు. జర్మన్‌లో 21ని 'ఒకటీ ఇరవై' అని తలకిందులుగా చెబుతారు. పిల్లలు వీటిని ఆటగా నేర్చుకుంటారు.

3. లక్ష్యాలను మూడు వరుసల్లో రాయండి.

విషయ లక్ష్యం: సూర్యుడు ఆకాశంలో ఎంత ఎత్తులో ఉంటే నీడ అంత పొట్టిగా ఉంటుందని పిల్లలు కొలతలతో చూపగలగాలి. భాషా లక్ష్యం: రెండు కొలతలను పోల్చి, కారణం చెబుతూ రెండు భాషల్లోనూ మాట్లాడగలగాలి, రాయగలగాలి. సాంస్కృతిక లక్ష్యం: మరో చోటి జీవితం గురించి తాము చూసినదానికీ ఊహించినదానికీ తేడా గుర్తించగలగాలి.

ఉపాధ్యాయులు ఎక్కువగా వదిలేసేది రెండో వరుస. 'ఇంగ్లీషులో నీడ గురించి నేర్చుకుంటారు' అన్నది భాషా లక్ష్యం కాదు. ఏ రకం వాక్యం పిల్లల నోట రావాలో రాయాలి. ఈ పాఠ్యాంశానికి తెలుగులో మూడు వాక్య చట్రాలు సరిపోతాయి: '____ గంటలకు నీడ ____ సెంటీమీటర్లు ఉంది', '____ నీడ కంటే ____ నీడ పొడవుగా ఉంది, ఎందుకంటే ____', 'సూర్యుడు పైకి వెళ్లే కొద్దీ నీడ ____'. ఇంగ్లీషుకు కూడా ఇలాగే మూడు చట్రాలు తయారుచేయండి. అయితే అవి తెలుగు చట్రాలకు మక్కికి మక్కి అనువాదాలు కానక్కరలేదు, ఆ భాషలో సహజంగా వచ్చేవి కావాలి.

4. మొదటి వారం: పిల్లలకు బలమైన భాషలో పని మొదలుపెట్టండి.

ఎండ ఉన్న రోజు చదునైన నేల మీద కర్రను నిలబెట్టించండి. బరువు కట్టిన దారాన్ని కర్ర పక్కన వేలాడదీస్తే కర్ర నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. ఈ పరీక్షను పిల్లలతోనే చేయించండి. ఉదయం నుంచి గంటకొకసారి నీడ కొన దగ్గర సుద్దతో గుర్తు పెట్టి, సమయం రాసి, కొలవాలి. పదకొండున్నర దాటాక మాత్రం పది నిమిషాలకొకసారి కొలవాలి. ఎందుకంటే అన్నిటికన్నా పొట్టి నీడ గడియారంలో సరిగ్గా 12 గంటలకే పడుతుందని హామీ లేదు. గడియారపు సమయం ఒక పెద్ద ప్రాంతమంతటికీ ఒకటే, సూర్యుడి మధ్యాహ్నం మాత్రం చోటు చోటుకూ వేరు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాల్లో అది ఒంటిగంట దాటాక కూడా రావచ్చు. కాబట్టి 'మధ్యాహ్నపు నీడ' అంటే ఆ రోజు కొలిచిన వాటిలో అతి పొట్టి నీడ అని తరగతికి ముందే చెప్పండి. దాని దిక్కును దిక్సూచితో చూసి రాయించండి.

హెచ్చరిక: సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నా సరే చూడకూడదు. ఈ పాఠమంతా నేల వైపు చూసి చేసేదేనని మొదటే స్పష్టంగా చెప్పండి.

ఈ వారమంతా మాటలు, నోటుబుక్కు రాత, చర్చ ఒకే భాషలో సాగాలి. పిల్లలు వాడిన మంచి మాటలను ఆ భాష రంగు చార్టు మీద, పక్కన చిన్న బొమ్మతో రాస్తూ రండి. ఆ చార్టే వచ్చే వారం మీ చేతి ఊతం.

5. రెండో వారం: భాష మార్చండి, పాఠాన్ని మాత్రం వెనక్కి తిప్పవద్దు.

ఈ దశ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. కొత్త భాషలోకి వచ్చాం కదా అని నీడ అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పుకొస్తారు. తెలిసినదే మళ్లీ వింటున్న పిల్లలకు విసుగు పుడుతుంది. నీడ మధ్యాహ్నం పొట్టిగా ఉంటుందని వాళ్లకు ఇప్పటికే తెలుసు. రెండో వారంలో అడగవలసిన ప్రశ్న కొత్తది కావాలి: ఇదే కర్రను భూమి మీద మరో చోట నిలబెడితే ఏమవుతుంది? చీకటి గదిలో గ్లోబు మీద రెండు మూడు చోట్ల బంకమట్టితో చిన్న పుల్లలు నిలబెట్టి, కాస్త దూరం నుంచి టార్చి వెలుగు పెడితే, పుల్ల పుల్లకూ నీడ పొడవు ఎలా మారుతుందో కళ్లకు కడుతుంది. మాట పూర్తిగా అర్థం కాని పిల్లవాడికి కూడా విషయం అందుతుంది, అందిన విషయానికి కొత్త భాషలో మాట వెతుక్కుంటాడు.

పీరియడ్ మొదట్లో ఏం జరగాలో కొంచెం దగ్గరగా చూద్దాం. ఉపాధ్యాయురాలు అట్టను ఇంగ్లీషు వైపుకు తిప్పి, నిన్నటి కొలతల పట్టికను బోర్డుకు అంటించి, వేలితో వరుసగా అంకెలు చూపిస్తూ 'వెన్ వాజ్ ద షాడో షార్టెస్ట్?' అని అడుగుతారు. ఒక పిల్లవాడు 'పన్నెండున్నరప్పుడు టీచర్' అంటాడు. ప్రశ్న అర్థమైందని ఆ జవాబే చెబుతోంది. 'ఇంగ్లీషులో చెప్పు' అని గద్దించనక్కరలేదు. 'యెస్, ద షాడో వాజ్ షార్టెస్ట్ ఎట్ ట్వెల్వ్ థర్టీ' అని ఆ జవాబునే ఇంగ్లీషు వాక్యంగా తిరిగి ఇచ్చి, చట్రం రాసిన అట్టను చూపి, మరో సమయం గురించి పక్క పిల్లను అడగండి. మూడో జవాబుకో నాలుగో జవాబుకో ఎవరో ఒకరు చట్రాన్ని అందుకుంటారు. గమనించవలసింది ఏమిటంటే, పిల్లలు ఏ భాషలో జవాబు చెప్పినా ఉపాధ్యాయురాలు మాత్రం అట్ట చూపుతున్న భాషను దాటలేదు.

కొత్తగా చేరిన పిల్లలు కొందరు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి, రెండో భాషలో ఒక్క ముక్క కూడా మాట్లాడరు. అలాంటి వారిని లేచి నిలబెట్టి మాట్లాడించవద్దు. వేలితో చూపడం, బొమ్మలు వరుసలో పెట్టడం, అవునో కాదో తల ఊపడం వంటి పనులు ఇచ్చి, వారికి ఎంత అర్థమవుతోందో గమనిస్తూ ఉండండి. ఇంట్లో మూడో భాష మాట్లాడే పిల్లలు ఉంటే, చార్టులో నీడ, సూర్యుడు వంటి నాలుగైదు మాటలకు వారి భాషలో కూడా చోటు ఇవ్వండి. ఆ మాటలను తరగతికి నేర్పే పని ఆ పిల్లలకే అప్పగించండి.

6. మూడో వారం మొదట్లో ఒకే ఒక్క 'వంతెన' పీరియడ్ పెట్టండి.

రెండు భాషలను పక్కపక్కన పెట్టి చూసే సమయం ఇదొక్కటే. రెండు రంగుల చార్టులను దగ్గరగా అంటించి, ఏ మాటకు ఏది జోడో పిల్లలనే వెతకమనండి, మీరు చెప్పవద్దు. ఆ తర్వాత ఒక జత వాక్యాలను తీసుకుని తేడా ఎక్కడుందో అడగండి. పోలిక చెప్పేటప్పుడు ఇంగ్లీషులో 'షార్ట్' కాస్తా 'షార్టర్' అవుతుంది, తెలుగులో 'పొట్టి' పొట్టిగానే ఉండి 'కంటే' ఆ భారాన్ని మోస్తుంది. ఆ 'కంటే' మాట తర్వాత వస్తుంది, 'దాన్' మాటకు ముందు వస్తుంది. పిల్లలు ఒక్కసారి దీన్ని తమంతట తాము కనిపెడితే, 'నీడ దాన్ షార్టర్' లాంటి వాక్యాలు వాటంతట అవే తగ్గుతాయి.

ఒక పీరియడ్‌కు ఒక తేడా చాలు. వ్యాకరణ పరిభాష అవసరం లేదు. వంతెనను రోజూ వేస్తే అది మళ్లీ వాక్యం వెంట వాక్యం అనువాదంగా మారిపోతుంది.

7. మూడో వారం: భాగస్వామి తరగతితో కొలతలు మార్చుకోండి.

తరగతులను కలిపే వేదికలు కొన్ని ఉన్నాయి. యూరప్ పాఠశాలల కోసం 2005లో మొదలైన ఈట్విన్నింగ్ వాటిలో ఒకటి. బడి సిబ్బందిలోనో తల్లిదండ్రుల్లోనో ఎవరికైనా మరో దేశంలో ఉపాధ్యాయులు తెలిసి ఉంటే అది ఇంకా తేలిక. అక్షాంశంలో తేడా ఎంత ఎక్కువ ఉంటే పాఠం అంత రక్తి కడుతుంది. భూమధ్యరేఖకు అవతలి వైపు ఉన్న తరగతి దొరికితే వదులుకోవద్దు.

ఇరువైపులా ఒక మీటరు కర్రే వాడాలి, ఒకే తేదీన కొలవాలి. మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో చేస్తే లెక్క అందంగా కుదురుతుంది. ఆ రోజు మధ్యాహ్నం భూమధ్యరేఖ మీద నిటారు కర్రకు నీడే ఉండదు. 30 డిగ్రీల అక్షాంశంలో సుమారు 58 సెంటీమీటర్లు, 45 డిగ్రీల దగ్గర సరిగ్గా కర్ర పొడవంత, 60 డిగ్రీల దగ్గర సుమారు 173 సెంటీమీటర్ల నీడ పడుతుంది. మబ్బు పట్టి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా పోలిక చెడదు. వేరే నెలల్లో చేసినా నష్టం లేదు, అంకెలు మారతాయి అంతే.

అవతలి కొలతలు రాకముందే పిల్లలతో అంచనాలు రాయించండి. దాదాపు అందరూ పొడవు గురించి రాస్తారు. నీడ ఏ దిక్కుకు పడుతుందన్న ప్రశ్న వారికి తట్టదు, ఎందుకంటే తమ దగ్గర పడిన దిక్కుకే అన్నిచోట్లా పడుతుందనుకుంటారు. ఉష్ణమండలానికి ఉత్తరాన ఉన్న చోట్ల మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికి, దక్షిణాన ఉన్న చోట్ల ఎప్పుడూ దక్షిణానికి పడుతుంది. ఉష్ణమండలంలో అది ఏడాదిలో కాలాన్ని బట్టి మారుతుంది. అవతలి తరగతి పంపిన కాగితంలో వ్యతిరేక దిక్కు కనిపించినప్పుడు, 'తప్పు కొలిచారు' అని తీర్మానించే పిల్లలు తప్పకుండా ఉంటారు. వెంటనే సరిదిద్దవద్దు; గ్లోబు, టార్చి వారి చేతికి ఇవ్వండి. తాము అడగాలనే అనుకోని విషయంలోనే అవతలి వారు వేరుగా ఉండవచ్చునని పిల్లలకు తెలిసివస్తుంది. సాంస్కృతిక పాఠానికి దీనికన్నా మంచి ప్రవేశం లేదని నా అభిప్రాయం.

ప్రత్యక్ష వీడియో సంభాషణకు వేళలు కలవకపోతే రికార్డు చేసిన రెండు మూడు నిమిషాల వీడియోలు, ఉత్తరాలు సరిపోతాయి. నిజానికి ఈ వయసు పిల్లలకు ఉత్తరమే మేలు. ప్రత్యక్ష సంభాషణలో చొరవ ఉన్న నలుగురు మాట్లాడతారు, మిగిలిన వారు చూస్తూ ఉండిపోతారు. భాగస్వామి తరగతి అసలు దొరకకపోతే, మీ బడిలోనే వేరే ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాల బంధువులను ఆ ఊళ్లలో కర్ర నీడ కొలిచి పంపమని అడగండి.

హెచ్చరిక: పిల్లల పూర్తి పేర్లు, చిరునామాలు, బడి గుర్తింపు కార్డులు కనిపించే ఫోటోలు పంపకూడదు. అనుమతి పత్రం రాని పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టి బాధపెట్టకుండా, చేతులు, కర్ర, నీడ మాత్రమే కనిపించేలా అందరి ఫోటోలూ తీస్తే సమస్యే ఉండదు.

8. చూసింది, అనుకున్నది, అడగవలసింది అని మూడు గడుల పట్టిక వేయించండి.

అవతలి తరగతి నుంచి వచ్చిన ప్రతి ఫోటోనూ ఉత్తరాన్నీ ఈ పట్టికలోకి ఎక్కించాలి. తరగతి గది ఫోటోలో తలుపు పక్కన అర నిండా బూట్లు ఉన్నాయనుకోండి. పిల్లలు 'చూసింది' గడిలో 'వాళ్లను బూట్లతో బడిలోకి రానివ్వరు' అని రాసేస్తారు. అది చూసింది కాదు, అనుకున్నది. చూసింది 'తలుపు పక్కన అరలో బూట్లు ఉన్నాయి' అన్నంత వరకే. ఈ ఒక్క వాక్యాన్ని సరైన గడిలోకి మార్పించడానికి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. అడగవలసిన ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది: ఆ బూట్లు ఎవరివి, ఎప్పుడు మార్చుకుంటారు? జపాన్‌లోని చాలా బడుల్లో పిల్లలు లోపల తొడుక్కోవడానికి వేరే బూట్లు ఉంచుకుంటారు. అంటే బూట్లు వద్దనడం కాదు, బయటివి బయటే ఉంచడం.

ప్రశ్నలు పంపే ముందు జల్లెడ పట్టాలి. 'మీ దేశంలో ఏం తింటారు?' అన్న ప్రశ్న తొమ్మిదేళ్ల పిల్లను దేశం మొత్తానికి ప్రతినిధిని చేస్తుంది. 'ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు విరామంలో మీ తరగతి పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు?' అన్న ప్రశ్నకు ఆ పిల్ల నిజంగా జవాబు చెప్పగలదు. మీరు పంపే ప్రతి ప్రశ్నకు మీ తరగతి కూడా జవాబు రాసి జతచేయాలన్న నియమం పెట్టండి. తమ గురించి తాము రాయవలసి వచ్చినప్పుడు, ఏ ప్రశ్న ఇబ్బంది పెడుతుందో పిల్లలకే తెలుస్తుంది.

9. నాలుగో వారం: రెండు భాషల్లో రెండు వేర్వేరు పనులు చేయించండి.

ఒకే వ్యాసాన్ని రెండు భాషల్లో రాయిస్తే రెండోది మొదటిదానికి అనువాదమే అవుతుంది, దాన్ని చూసి రాసే పిల్లలూ ఉంటారు. చదివేవారు మారితే రాత కూడా మారుతుంది. భాగస్వామి తరగతికి వారికి అర్థమయ్యే భాషలో కొలతల నివేదిక, ఇంట్లో పెద్దలకు ఇంటి భాషలో నీడ గడియారం తయారీ వివరణ, ఇలా రెండు పనులు ఇవ్వండి. ఇంటి పనికి ముందు, గడియారం లేని రోజుల్లో వేళ ఎలా తెలుసుకునేవారో ఇంట్లో ఎవరినైనా అడిగి రమ్మనండి. ఆ జవాబులు పాఠ్యపుస్తకంలో దొరకవు.

తరచుగా జరిగే పొరపాట్లు

పొరపాట్లలో పెద్దది బలమైన భాషలోకి జారిపోవడం. సమయం చాలకపోయినా, తనిఖీ అధికారి వచ్చినా, పిల్లలు అల్లరి చేసినా ఉపాధ్యాయుడి నోట బలమైన భాషే వస్తుంది. మందలింపులన్నీ ఒక భాషలో, పాటలన్నీ మరో భాషలో ఉన్న తరగతి ఏం నేర్పుతోందో వేరే చెప్పనక్కరలేదు. మందలింపు మాటలను కూడా రెండు భాషల్లో ముందుగా సిద్ధం చేసుకోండి.

పిల్లలు ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడాన్ని లోపంగా చూడటం రెండోది. రెండు భాషలు వచ్చినవారిలో చాలామంది అలా కలుపుతారు. నిజమైన భాషా సమస్య ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఒక్క భాషలోనే వెనకబడిన పిల్లవాడికి కావలసింది ఆ భాషలో మరికొంత వినికిడి, మరికొన్ని అవకాశాలు. ఇదే మాట తల్లిదండ్రులకు కూడా చెప్పాలి. పిల్లల చదువు కోసమని తమకు సరిగా రాని భాషలో ఇంట్లో ముక్కలు ముక్కలుగా మాట్లాడే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. తమ భాషలో ధారాళంగా కబుర్లు, కథలు చెప్పడమే పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుందని సమావేశంలో నేరుగా చెప్పండి.

ఇక తెలివైన పిల్లవాడిని శాశ్వత అనువాదకుడిగా మార్చడం, చార్టుల నిండా మాటలు రాసి ఎవరూ చదవకుండా వదిలేయడం వంటివి చిన్నవే అయినా దాదాపు ప్రతి తరగతిలోనూ కనిపిస్తాయి.

ఫలితాన్ని ఎలా పరీక్షించాలి

విషయానికి, భాషకు మార్కులు విడివిడిగా వేయండి. ఒక భాషలో 'ఉదయం నీడకూ మధ్యాహ్నపు నీడకూ తేడా ఎందుకు?' అని అడిగి, వారం తర్వాత రెండో భాషలో అదే భావనను వేరే సందర్భంతో, ఉదాహరణకు 'ఈ రెండు ఊళ్లలో ఎక్కడి నీడ పొడవు, ఎందుకు?' అని అడగండి. రెండింటిలోనూ కారణం తప్పయితే భావన అందలేదని అర్థం, గ్లోబు, టార్చి దగ్గరికి తిరిగి వెళ్లాలి. ఒక భాషలో సరిగా చెప్పి రెండో భాషలో ఆగిపోతే భావన ఉంది, మాట లేదు. మళ్లీ పాఠం చెప్పకుండా చట్రాల మీద పని చేయించండి. రెండో భాషలో చట్రాన్ని తప్పు లేకుండా అప్పజెప్పి, అంకెలు మార్చగానే తడబడితే అది కంఠస్థం. ఈ మూడో రకాన్ని చాలా పరీక్షలు పట్టుకోలేవు, ఎందుకంటే కాగితం మీద అది పూర్తి మార్కుల జవాబులా ఉంటుంది.

మాటల సంఖ్య చూసేటప్పుడు రెండు భాషల్లోని మాటలనూ కలిపి లెక్కించండి. ఒక్కో భాషను విడిగా చూస్తే వెనకబడినట్లు కనిపించే పిల్లవాడికి, రెండూ కలిపితే తగినన్ని మాటలు వచ్చి ఉండవచ్చు.

తరగతి మొత్తం ఎలా ఉందో తెలుసుకోవడానికి, బృందపని సమయంలో ఐదు నిమిషాలు పక్కన నిలబడి, ఎవరు ఏ భాషలో మాట్లాడుతున్నారో గీతలు గీసి లెక్కపెట్టండి. మొదటి వారం, నాలుగో వారం లెక్కలను పోల్చితే చాలు. రెండో భాష పీరియడ్‌లో ఆ భాష గీతలు పెరగకపోతే, ముందు మీ మాటనే పరీక్షించుకోండి: ఫోన్‌లో ఒక పీరియడ్ రికార్డు చేసుకుని, అట్ట చూపిన భాషను మీరు ఎన్నిసార్లు దాటారో వినండి.

సాంస్కృతిక లక్ష్యానికి మార్కులు వేయవద్దు గానీ, పరీక్షించకుండానూ వదలవద్దు. పాఠ్యాంశం మొదటి రోజున భాగస్వామి దేశపు పిల్లల గురించి తెలిసినది ఐదు వాక్యాల్లో రాయించి దాచిపెట్టండి. చివరి రోజున మళ్లీ రాయించండి. 'అక్కడ అందరూ', 'వాళ్లెప్పుడూ' అని మొదలయ్యే వాక్యాలు ఎన్ని తగ్గాయో, 'మాకు రాసిన తరగతిలో కొందరు' వంటివి ఎన్ని వచ్చాయో చూడండి. మొదటి కాగితాన్ని పిల్లలకే ఇచ్చి, ఏ వాక్యాన్ని ఇప్పుడు కొట్టివేస్తారో, దేనిని ప్రశ్నగా మారుస్తారో వారినే అడిగితే ఇంకా మంచిది.

తర్వాతి పాఠ్యాంశాన్ని ఈసారి బలహీనమైన భాషలో ప్రారంభించండి. మొదటి వారం పని నెమ్మదిగా సాగుతుంది కాబట్టి బొమ్మలు, చేసి చూపే పనులు రెట్టింపు సిద్ధం చేసుకోండి, కొత్త మాటలను రోజుకు నాలుగైదుకు మించనివ్వకండి. పాత చార్టులను గోడ మీద నుంచి తీసేయవద్దు. పోలిక, కారణం చెప్పే చట్రాలు ఏ పాఠానికైనా మళ్లీ కావలసినవే.